గుట్టలో బెల్లం షెడ్డు

మా వేగులపేట మార్కెట్ యార్డుకు చుట్టుపక్కల మండలాలన్నిటా పేరుంది గాని, పైకప్పు మాత్రం లేదు. రైతులు బెల్లం దిమ్మలు తెచ్చి ఆరుబయట పేర్చి, మీద టార్పాలిన్లు కప్పి, ఆకాశం వంక చూస్తూ కూర్చునేవాళ్ళు. ఎండలు ముదిరే ముందు వచ్చే గాలివాన ఒక్కటి చాలు. టార్పాలిన్లు ఎగిరిపోయి, బెల్లం నీరుకారి, యార్డంతా పాకమైపోయేది. ఆ పూట యార్డులో చీమలు తప్ప ఎవరూ సంతోషంగా ఉండేవారు కాదు.

మార్కెట్ కమిటీ చైర్మన్ సన్యాసినాయుడు ఏళ్ళ తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగి, చివరికి ఒక ఉక్కు షెడ్డు మంజూరు చేయించుకొచ్చాడు. దాని ఎత్తు ముప్పై అడుగులు. లారీ ఒక పక్క లోపలికి వెళ్ళి, సరుకు దింపి, రెండో పక్క నుంచి బయటికి రావచ్చు. పని చూడడానికి అసిస్టెంటు ఇంజనీరు హైమవతిని వేశారు. ఇనుము నిలబెట్టి బిగించే పనికి శ్రీకాకుళం వైపు నుంచి తవిటయ్య మేస్త్రీ తన ముఠాతో వచ్చాడు. ముఠాలో అతని అల్లుడు గురువులు కూడా ఉన్నాడు. పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు.

స్తంభాలు లేచాయి. వాటి మీద అడ్డదూలాలు వేయడం మొదలైంది. ఒక ఉదయం గురువులు ఆ దూలం మీద వీధిలో నడిచినంత ధీమాగా నడుస్తూ, కింద ఎవరో పిలిస్తే తల తిప్పి, కాలు జారాడు. రెండు చేతులతో దూలం పట్టుకుని గాల్లో వేలాడాడు. క్రేను నడిపేవాడు తెలివిగా కొక్కెం దగ్గరికి తెచ్చాడు గనుక దాన్ని కౌగిలించుకుని కిందికి దిగాడు. దిగగానే జారిపోయిన చెప్పు ఎక్కడ పడిందో వెతుక్కోసాగాడు.

హైమవతి పరుగున వచ్చింది. ఆవిడ స్కూటరు మీద వెళ్తూ, ఎదురుగా ఎవరూ లేకపోయినా ప్రతి మలుపులోనూ హారన్ కొట్టే మనిషి.

"ఏటయిందని మేడమ్‌గారూ అంత కంగారు? పడనేదు కదా," అన్నాడు గురువులు.

"పడి ఉంటే?"

"పడితే అప్పుడు సూసుకుందుం."

తవిటయ్య మాత్రం ఇనుప చువ్వల కట్ట మీద కూర్చుని, తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. కాసేపటికి, "ఆడికేటన్నా అయితే మా పిల్లకి నానేటి సెప్పాలమ్మా," అన్నాడు నెమ్మదిగా.

హైమవతి ఆ క్షణమే పని ఆపించింది. పైకి ఎక్కే ప్రతి మనిషికీ నడుముకు బెల్టు ఉండాలి, ఆ బెల్టు తగిలించుకోవడానికి దూలం పొడవునా తాడు ఉండాలి, కింద వల ఉండాలి, అప్పుడే పని సాగుతుందని చెప్పింది. ఇవేవీ అంచనాలో లేవన్నాడు కాంట్రాక్టరు. అయితే పైవాళ్ళకే రాస్తానని ఆవిడ రాసేసింది.

అక్కడే పొరపాటు జరిగింది. మామూలు రోజుల్లో అయితే అటువంటి లేఖకు జవాబు వచ్చేది కాదు. ఆవిడ ఎవరి కాళ్ళో వేళ్ళో పట్టుకుని ఒక వల సంపాదించేది, షెడ్డు లేచేది, చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. కాని అప్పుడే నిర్మాణ క్షేమ విభాగం అని ఒకటి కొత్తగా పుట్టింది. దాని ఉపసంచాలకులు చిదానందం గారు ఏదో చల్లని కొండ ఊళ్ళో శిక్షణ పొంది అంతకు ముందే తిరిగి వచ్చారు. ప్రమాదం నుంచి మనిషిని కాపాడడం రెండో సంగతి, ముందు ప్రమాద కారణాన్నే తొలగించాలి అని అక్కడ నేర్పారు. మాట మంచిదే. విన్న మనిషి మాత్రం దాన్ని ఎక్కడ ఆపాలో కనుక్కోకుండా వచ్చేశారు.

హైమవతి లేఖ అందగానే ఆయన స్వయంగా వేగులపేట వచ్చారు. తెల్ల హెల్మెట్టు పెట్టుకుని, దాని మీద గొడుగు పట్టించుకుని, అందరినీ స్తంభాల మధ్య కూర్చోబెట్టారు.

"మనిషి ఎందుకు పడును?" అని అడిగారు.

"కాలు జారితే పడతాడండి," అన్నాడు తవిటయ్య.

"కాదు. నేల మీద కాలు జారినవాడు ఎంత దూరము పడును?"

"ఆడింక పడేదేటి బాబూ. కూకుంటాడు."

"అదియే నేను చెప్పబోవునది. ఇద్దరికీ కాలు జారినది. ఒకడు కూర్చున్నాడు, ఇంకొకడు పోయినాడు. అనగా ప్రమాదమునకు మూలహేతువు కాలు కాదు, ఎత్తు. ఎత్తును నిర్మూలించిన యెడల ప్రమాదము తనంతట తానే అంతరించును."

ముఠావాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అందులో తప్పు ఎక్కడుందో ఎవరికీ వెంటనే దొరకలేదు.

"సార్, నేను అడిగింది బెల్టులూ, తాడూ, వలా," అంది హైమవతి.

"వల సంగతి పరిశీలించితిమి. వల కట్టుట యనగా కార్మికుడు పడునని శాఖ ముందుగానే అంగీకరించుట. పైగా కింద మెత్తగా ఉన్నదని తెలిసినచో పడవలెనను కోరిక కలుగవచ్చును."

"నాకట్టాటి కోరికల్నేవండి," అన్నాడు గురువులు.

"నేడు లేకపోవచ్చును," అన్నారు చిదానందం గారు.

వారం తిరిగేసరికి ఉత్తర్వు వచ్చింది. ఉక్కు నిర్మాణ పనులలో ఏ కార్మికుడును నేల నుండి ఆరడుగులకు మించిన ఎత్తున ఉండరాదు. దీనిని ఉల్లంఘించిన ఇంజనీరుపై కఠిన చర్య గైకొనబడును.

సన్యాసినాయుడు ఆ సంగతి వినగానే హైమవతిని వెంటబెట్టుకుని చిదానందం గారి కార్యాలయానికి వెళ్ళాడు.

"ఆరడుగుల మీద నిలబడి ముప్పై అడుగుల షెడ్డు ఎలా కడతారండి?"

"కట్టుట మీ శాఖ పని. కట్టునపుడు పడకుండుట మా శాఖ పని. ఒకరి పరిధిలోకి ఒకరు రారాదు. కావలసినచో షెడ్డు ఎత్తును ఆరడుగులకు తగ్గించుకొనుడు."

"లారీ మాట తరవాత. నేనే వొంగుని రావాల."

"వంగి వచ్చుట భద్రతాపరముగా అభినందనీయము."

హైమవతి ఇంకో దారి చెప్పింది. వీలైనంత పని నేల మీదే చేస్తారట. దూలాలన్నీ కిందనే జతచేసి, పెద్ద పెద్ద ముక్కలుగా క్రేనుతో పైకి లేపుతారట. పైన స్తంభంతో కలిపే చోట మాత్రం, బోల్టు బిగించడానికి ఒక మనిషి కాసేపు ఉండాలట.

"ఉండరాదు," అన్నారు చిదానందం గారు.

"మనిషి లేకుండా బోల్టు బిగియదు సార్."

"అది బోల్టు యొక్క లోపము."

హైమవతి ఓపిక గల మనిషి. కాని ఆ రోజు బస్సులో నిలబడి వచ్చింది, మధ్యాహ్నం తిండి కూడా తినలేదు. "అయితే ఇంక ఒకటే దారి సార్," అంది. "మనిషి నేల వదిలి పైకి వెళ్ళకూడదంటే, నేలే పైకి రావాలి. ఆరడుగులు కట్టినప్పుడల్లా ఆరడుగులు మట్టి పోసుకుంటూ పోవాలి."

సన్యాసినాయుడు నవ్వాడు. చిదానందం గారు నవ్వలేదు. జేబులో నుంచి కలం తీశారు.

"మరొకసారి చెప్పుడు," అన్నారు.

ఆవిడ వేళాకోళానికి అన్నానని చెప్పే లోపలే, ఆయన ఆ పద్ధతికి నేల ఉన్నతీకరణ అని పేరు పెట్టేశారు.

వల కొనడానికి దారి లేదన్న ఖజానాకు మట్టికి మాత్రం దారి దొరికింది. లారీలు వరస కట్టాయి. యార్డు చుట్టూ, స్తంభాల మధ్యా మట్టి పోశారు, చదును చేశారు, రోలరు తిప్పారు, మళ్ళీ పోశారు. ఒక పక్కే ఎక్కువ పోస్తే స్తంభాలు ఒరిగిపోతాయి గనుక హైమవతి పొద్దస్తమానం అక్కడే నిలబడి, లోపలా బయటా సమానంగా పోయించేది. మట్టి లేచినకొద్దీ ముఠా కూడా దానితో పాటు పైకి లేచింది. చివరికి పైకప్పు దూలాల దగ్గరికి చేరేసరికి, అందరూ గుట్ట మీద గొంతుక్కూర్చుని బోల్టులు బిగిస్తున్నారు.

"మావా," అన్నాడు గురువులు, "ఇది ఇనుప పనేటి? వంగతోటలో గొప్పు తీసినట్టున్నాది."

"నోర్మూసుకుని తియ్యి. నువ్వు పడకూడదని మీ అత్త మొక్కిన మొక్కు తీరినట్టున్నాది," అన్నాడు తవిటయ్య. అతనికి ఈ పద్ధతి మీద గౌరవం లేదు గాని, రాత్రిళ్ళు నిద్ర మాత్రం బాగా పట్టేది.

గుట్ట ఖ్యాతి వ్యాపించింది. దాన్ని చూడడానికి ఇతర శాఖల వాళ్ళు బస్సులు వేసుకుని వచ్చారు. వంతెనలు కట్టే శాఖ నుంచి వచ్చిన ఒక అధికారి గుట్ట ఎక్కి, ఆయాసం తీర్చుకుని, తమకు నది మీద ఇదే సమస్య ఉందనీ, నదిని కూడా ఇలా పూడ్చవచ్చా అనీ అడిగాడు. పరిశీలనార్హము అన్నారు చిదానందం గారు. గుట్టను హెల్మెట్టు, చేతి తొడుగుల వరసలో భద్రతా సామగ్రిగా ప్రకటించారు. దాని పాదం దగ్గర ఒక బోర్డు పాతారు. ఇది భద్రతా సామగ్రి, దీనిని తొలగించుట నేరము అని ఎర్ర అక్షరాలతో రాయించారు.

షెడ్డు పూర్తయింది. ఎవరికీ గోరు కూడా చిట్లలేదు. ప్రారంభోత్సవానికి అతిథులు మెలికలు తిరిగిన మట్టి బాట వెంట గుట్ట ఎక్కి, కప్పు రేకుల పక్కన నిలబడి రిబ్బను కత్తిరించారు. నేల ఉన్నతీకరణ పద్ధతిని కనిపెట్టినందుకు హైమవతికి శాలువా కప్పారు. ఆవిడ అమ్మ ఆ ఫోటో పత్రికలో చూసి పొంగిపోయింది. హైమవతి మాత్రం ఆ రోజంతా ఎవరి కళ్ళలోకీ చూడలేదు. తోటి ఇంజనీర్లు అప్పటి నుంచి ఆవిడను గుట్ట మేడమ్ అనసాగారు.

సన్యాసినాయుడు కప్పు అంచు దగ్గర బోర్లా పడుకుని లోపలికి తొంగి చూశాడు. రేకులకూ మట్టికీ మధ్య ఒక నక్క హాయిగా కాపురం పెట్టుకోవచ్చు. లారీ మాత్రం పట్టదు.

మర్నాడు హైమవతి మట్టి తీయడానికి అనుమతి అడిగింది. ఇంతకాలం పోసింది తీయడానికేనని ఆవిడ అనుకుంటోంది.

"తీసినచో ఏమగును?" అన్నారు చిదానందం గారు.

"షెడ్డు బయటపడుతుంది సార్."

"దాని ఎత్తెంత?"

"ముప్పై అడుగులు."

"అనగా ఇప్పుడు లేని ఎత్తును మీరు కొత్తగా ఉత్పత్తి చేయబోవుచున్నారు. ఎత్తును ఉత్పత్తి చేయుట ఈ విభాగము పుట్టిన నాటి నుండి నిషిద్ధము. అదియునుగాక గుట్ట మా సామగ్రి. తలకు దెబ్బ తగలలేదని హెల్మెట్టును పగులగొట్టుకొందురా?"

"మరి బెల్లం ఎక్కడ పెట్టుకోవాలి సార్?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆ ప్రశ్న ఆయనకు నిజంగానే కష్టంగా అనిపించినట్టుంది. చివరికి, "బెల్లము మా పరిధిలోనిది కాదు," అన్నారు, కొంచెం విచారంగానే.

బెల్లం మాత్రం ఎవరి పరిధీ చూడకుండా వచ్చేసింది. రైతులు బళ్ళలోనూ ఆటోల్లోనూ దిమ్మలు తెచ్చి, గుట్ట పాదం చుట్టూ పేర్చి, పాత టార్పాలిన్లే కప్పారు. పైడమ్మ అనే ముసలామె ఏటా తన బెల్లం తానే తెచ్చుకుంటుంది. కిందటేడు ఆమె సరుకు సగం వానలో కొట్టుకుపోయింది. ఈసారి బండి దిగుతూనే సన్యాసినాయుణ్ణి పట్టుకుంది.

"షెడ్డయిపోయిందన్నారు, ఏదీ నాయినా?"

సన్యాసినాయుడు గుట్టను చూపించాడు.

"ఇందులో ఉన్నాదా?" అని ఆమె గుట్టను కిందా మీదా చూసింది. "ఎవులన్నా ఎత్తుకుపోతారని పాతీసేరా?"

సన్యాసినాయుడు ఆ మాట మోసుకుని నేరుగా హైమవతి కార్యాలయానికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. కిటికీలో నుంచి సముద్రం వైపు మబ్బు కనిపిస్తోంది. ఇద్దరూ దాన్నే చూశారు.

"నేను కట్టించలేకపోయానంటే సరే, ఊరుకుందురు," అన్నాడు. "కట్టించీ లేదంటే ఏం చెప్పనమ్మా?"

తన వేళాకోళం ఒకటి మట్టి పోసుకుని ఊరి మధ్య కూర్చున్నప్పటి నుంచి హైమవతి ఆచితూచి మాట్లాడుతోంది. "నాయుడు గారూ, మన వైపు మట్టి కావలసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. "మట్టి వద్దన్నవాడు ఎవడున్నాడమ్మా," అంటూ లేచాడు.

మర్నాటి నుంచి ట్రాక్టర్లు వచ్చాయి. పల్లపు చెరకు మడి మెరక చేసుకునేవాడొకడు, ఇంటి పునాది నింపుకునేవాడొకడు, ఇటుక బట్టీల వాళ్ళు, కళ్ళాలు వేసుకునేవాళ్ళు. బోర్డు దగ్గర ఆగి చదివి, చదివినందుకు గుర్తుగా దాన్ని పక్కకు జరిపి, తవ్వుకోవడం మొదలుపెట్టారు.

హైమవతి నియమం తప్పే మనిషి కాదు. వెంటనే చిదానందం గారికి ఫోను చేసింది.

"సార్, బయటివాళ్ళు గుట్టను తవ్వుకుపోతున్నారు. ఆరడుగుల నియమం వీళ్ళకు వర్తింపచేయమంటారా?"

"వారు మన కార్మికులా?"

"కాదు సార్."

"మనము వేతనము ఇచ్చుచున్నామా?"

"లేదు సార్. వాళ్ళే దొంగతనంగా తీసుకుపోతున్నారు."

"దొంగలు కార్మికుల నిర్వచనములోనికి రారు. వారి భద్రత విషయమై విభాగమునకు బాధ్యత లేదు. పోలీసు వారికి తెలియజేయుడు."

తెలియజేసింది. ఎస్సై వచ్చి గుట్ట చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పోయిన వస్తువేమిటని అడిగాడు. మట్టి నిర్మాణ శాఖది, గుట్ట క్షేమ విభాగానిది అని చెప్పింది హైమవతి. అయితే పోయింది మట్టా, గుట్టా ముందు తేల్చుకుని, ఆ శాఖ వాళ్ళు వచ్చి ఫిర్యాదు ఇవ్వాలన్నాడు. ఆ సంగతి తేల్చడానికి రెండు శాఖలూ కలిసి ఒక సంఘం వేశాయి. ట్రాక్టర్లు సంఘం కోసం ఆగలేదు.

తవ్వేవాళ్ళు దొంగలే అయినా, హైమవతి వాళ్ళ మీద ఈగ వాలనివ్వలేదు. గొడుగు పట్టుకుని పొద్దున్నే వచ్చి నిలబడేది. పైనుంచి వాలుగా తవ్వుకుంటూ రావాలి గాని, కింద బొరియ చేసి మట్టి మీద పడేట్టు తవ్వకూడదని మొత్తుకునేది. ఇటుక బట్టీ యజమాని ఒకడు వినకుండా అడుగున తొలిపిస్తుంటే, ఆవిడ మనుషులందర్నీ గద్దించి దూరంగా నిలబెట్టింది. వాళ్ళు సణుగుతూ బీడీలు తీసేలోగా పైనున్న గట్టు విరిగి, ట్రాక్టరు తొట్టిని సగం పూడ్చేసింది. తరవాత ఎవరూ ఆవిడ చెప్పింది దాటలేదు. దొంగతనానికి వచ్చేవాళ్ళు ఆవిడకు నమస్కారం పెట్టి, ఎక్కడ తవ్వమంటారని అడిగి మరీ తవ్వేవాళ్ళు.

షెడ్డు నెమ్మదిగా నేలలో నుంచి మొలిచింది. ముందు కప్పు, తరవాత స్తంభాలు. బట్టీల వాళ్ళ పక్క మట్టి మరీ తొందరగా దిగిపోయింది. చిల్లర పనులకని అల్లుడితో అక్కడే ఉండిపోయిన తవిటయ్య ఒక సాయంత్రం అటు వెళ్ళి, తల పైకెత్తి అలాగే నిలబడిపోయాడు.

"అమ్మా, ఇలా రండి."

ఆ వరసలో రెండు స్తంభాలను కలిపి, గాలికి ఊగకుండా బిగించి ఉంచే అడ్డకడ్డీలు లేవు. అప్పట్లో మట్టి లారీలు తొందరపెట్టి, అవి బిగించే లోపలే అక్కడ పూడ్చేశారు. మట్టి ఉన్నంతకాలం మట్టే స్తంభాలను పట్టుకుంది. ఇప్పుడు మట్టి లేదు, కడ్డీలూ లేవు, సముద్రం వైపు నుంచి గాలి లేస్తోంది. రేకులు సన్నగా మూలిగాయి.

కడ్డీ పై కొస బిగించాల్సిన చోటు ఇప్పుడు పాతిక అడుగుల పైన ఉంది. క్రేను ఎప్పుడో వెళ్ళిపోయింది. ఎవరో ఒకరు ఎక్కాలి.

ఉత్తర్వు ప్రకారం ఎవరూ ఎక్కకూడదు. ఎక్కకపోతే ఈ గాలికి ఆ పక్క ఒరుగుతుంది. దాని కింద నాలుగడుగుల దూరంలో పైడమ్మ బెల్లం ఉంది, బెల్లం పక్కన పైడమ్మ ఉంది. హైమవతి ముందు ఆమెనూ మిగతా రైతుల్నీ దూరంగా పంపింది. తరవాత రేవు పనుల్లో ఉన్న తన క్లాసుమేటుకు ఫోను చేసి, బతిమాలి, అసలైన వల ఒకటీ, బెల్టులూ, తాళ్ళూ జీపులో తెప్పించుకుంది. అవి వచ్చేదాకా ఎవర్నీ నిచ్చెన ముట్టుకోనివ్వలేదు. మబ్బు అంతకంతకూ దగ్గరవుతుంటే సన్యాసినాయుడు అటూ ఇటూ తిరిగాడు గాని, ఆవిణ్ణి తొందరపెట్టలేదు.

వల కట్టారు. ఇంకా మట్టి దిగని పక్క నుంచి పైకి చేరి తాడు బిగించారు. గురువులు బెల్టు చేత్తో పట్టుకుని ముఖం చిట్లించాడు.

"నడుంకి తాడు కట్టుకుంటే కోతినాడించినట్టుంటాది మావా."

"కోతినాగే ఉండు. కోతికి పెళ్ళాం నేదు. నీకున్నాది," అని తవిటయ్య తానే బెల్టు పెట్టి, బిగువు చూసి, మళ్ళీ ఒకసారి లాగి చూశాడు.

గురువులు ఎక్కాడు. కొక్కెం తాడుకు తగిలించాడు. అప్పట్లో బిగించక మిగిలిపోయిన కడ్డీని కింద నుంచి అందించారు. పై బోల్టు సగం బిగిసేసరికి ఒక విసురు గాలి వచ్చి, అతని కాలు తప్పింది. ఒక బారెడు కిందికి జారి, తాడు పట్టి ఆపితే ఆగిపోయాడు. అతను కాసేపు అలా వేలాడి, ఊపిరి తీసుకుని, మళ్ళీ దూలం అందుకుని, మిగతా సగం బోల్టు బిగించాడు. రెండో కడ్డీ కూడా బిగించి దిగాడు. ఈసారి చెప్పుల కోసం వెతుక్కోలేదు. మంచినీళ్ళు అడిగి, చెంబెడూ తాగి, బెల్టు విప్పకుండానే కూర్చున్నాడు.

"విప్పీ," అన్నాడు తవిటయ్య.

"ఉండనీ మావా కాసేపు," అన్నాడు గురువులు.

ఆ మబ్బు ఆ రోజు గాలితోనే సరిపెట్టుకుని పోయింది. మిగిలిన మట్టిని పట్టుకుపోవడానికి ట్రాక్టర్లకు వ్యవధి దొరికింది. ఆఖరి తొట్టి కదిలిన రోజున రైతులు ఒక్కొక్కరే దిమ్మలు లోపలికి మోసుకొచ్చారు. ఎవరూ రిబ్బను కట్టలేదు. పైడమ్మ సరుకు నట్టనడుమ పేర్పించుకుని, కప్పు వంక చూసి, "ఎంతెత్తుందో," అని పైట సర్దుకుంది.

వాన ఆ తరవాత వచ్చింది. ముందు దుమ్ము, ఆ వెనక రాళ్ళు విసిరినట్టు చినుకులు, ఆ పైన ధార. యార్డంతా మసకబారిపోయింది. షెడ్డులో రెండు లారీలూ, వాటి చుట్టూ బెల్లం, దాని చుట్టూ రైతులూ ఉన్నారు. మోతకు ఒకరి మాట ఒకరికి వినబడడం లేదు. హైమవతి కడ్డీల వరస దగ్గర నిలబడి స్తంభాలను చూస్తోంది. కదలడం లేదు.

అప్పుడు గేటు దగ్గర ఒక కారు బురదలో దిగబడింది. అందులో నుంచి తెల్ల హెల్మెట్టు ఒకటి దిగి, గొడుగు తిరగబడిపోతే దాన్ని వదిలేసి, ఎక్కడ చోటు కనిపిస్తే అక్కడికి అన్నట్టు పరుగెత్తుకుంటూ వచ్చింది. చిదానందం గారు. భద్రతా సామగ్రి అయిన గుట్టను వార్షిక తనిఖీ చేయడానికి బయల్దేరారు.

లోపలికి వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని, పెట్టుకుని, చుట్టూ చూశారు. తరవాత తల ఎత్తి పైకి చూశారు. చాలాసేపు చూశారు. హెల్మెట్టు వెనక్కి జారిపోతే చేత్తో పట్టుకున్నారు.

సన్యాసినాయుడు లారీ వెనక్కి తప్పుకున్నాడు. తవిటయ్య అల్లుడి ముందుకు వచ్చి నిలబడ్డాడు. హైమవతి మాత్రం ఎదురు వెళ్ళింది. దాచడానికి ముప్పై అడుగుల షెడ్డు చీర కొంగుకింద పట్టే వస్తువు కాదు.

"సార్," అని మొదలుపెట్టింది.

ఈలోగా పైడమ్మ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఎవరో తడిసిపోయిన పెద్దమనిషి అనుకుని, తన పైట చెంగుతోనే ఆయన భుజం మీది నీళ్ళు తుడిచింది. విరిగిన దిమ్మలో నుంచి ఒక ముక్క తీసి చేతిలో పెట్టింది.

"తిను నాయినా. తడిసినోడివి, ఒంటికి ఏడి సేత్తాది. ఈయేడు సుక్క నీరు తగల్నేదు దీనికి."

ఆయన చేతిలోని బెల్లాన్ని చూశారు. అది ఏ పరిధిలోదో ఆలోచిస్తున్నట్టు కాసేపు అలాగే నిలబడ్డారు. తరవాత కొరికారు. నెమ్మదిగా నమిలారు. పైన ధార పడుతూనే ఉంది, కింద ఒక్క చుక్క లేదు. ఆయన కళ్ళు కప్పు నుంచి బెల్లం మీదికీ, బెల్లం నుంచి ముసలామె మీదికీ, మళ్ళీ కప్పు మీదికీ తిరిగాయి.

"సార్, గుట్ట..." అంది హైమవతి.

చిదానందం గారు చెయ్యెత్తి ఆవిణ్ణి ఆపారు. ముక్క పూర్తిగా మింగి, గొంతు సవరించుకున్నారు.

"హైమవతి గారూ," అన్నారు, "తనిఖీ నిమిత్తము వచ్చితిమి. భారీ వర్షము కారణముగా గుట్ట దృగ్గోచరము కాలేదు."

అని, పైడమ్మ వైపు మళ్ళీ చెయ్యి చాచారు.